గోడ అవతలి నీళ్లు

నేను స్వతహాగా పిరికివాణ్ణి. మిద్దెల మీద వాటర్‌ప్రూఫింగ్ పని చేయించే సూపర్‌వైజరుగా ఇన్నేళ్లు నెట్టుకొచ్చానంటే అది ఆ పిరికితనం చలవే. మబ్బు పట్టిందంటే నాకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు రిటైరై కంచన్‌బాగ్ దగ్గర ఇంట్లో కూర్చున్నా, ఉరుము వినపడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. "ఇంకా ఎవరి మిద్దె మోస్తున్నవయ్యా నెత్తి మీద?" అని మా ఆవిడ నవ్వుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను పట్టుకుని అడుగుతుంటారు. ఎండకు ఏ షీటు ఆగుతుంది సార్, గాలికి ఏది లేవదు సార్ అని. తెలిసింది చెబుతాను. కానీ దానితోపాటు దబీర్‌పురా స్టేషన్ దగ్గరి ఒక మిద్దె సంగతి కూడా వినమంటాను. ఆ మిద్దె మీద నేను భయపడాల్సిన వాటన్నిటికీ భయపడ్డాను, ఒక్కదానికి తప్ప.

ఆ ఇల్లు ఒక సేట్‌ది. మూడు తరాలుగా మిర్చి, పసుపు టోకు వ్యాపారం. కింద గోడౌన్, పైన మిద్దె. పాతకాలపు కట్టడం. ఇనుప గర్డర్ల మీద షాబాదు బండలు పరిచి, వాటి మీద సున్నం గచ్చు పోశారు. వాన పడితే బస్తాలు తడుస్తున్నాయని సేట్ మా కంపెనీకి వచ్చాడు. మొదటిరోజే నన్ను గోడౌన్‌లోకి తీసుకుపోయి బస్తాల మధ్య నిలబెట్టాడు. నాకు తుమ్ములు ఆగలేదు.

"సార్, ఇది మిర్చి. ఒక్క సుక్క పడ్డదనుకో, బూజు పడ్తది. బూజు పడ్డదనుకో, నేను ఖతం. గట్ల చెయ్యాలె మీరు, పైన సముద్రం పెట్టినా కిందికి దిగొద్దు" అన్నాడు.

"సముద్రం వద్దు సేట్, వాననీళ్లు ఆపుతా" అన్నాను.

ఏం వెయ్యాలన్న దాని మీద నాలుగు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ప్లాస్టిక్ షీటు పరిచి మేకులు కొడదామంటే, ఆ పాత గచ్చులో మేకు పట్టు నిలవదు. మే నెల గాలిదుమారం ఒక్కసారి అంచు కిందికి దూరిందంటే షీటు మొత్తం లేచి ఎవరింటి మీద పడుతుందో తెలియదు. బ్రష్షుతో పూసే తెల్ల కోటింగ్ వేద్దామంటే, మధ్యాహ్నం ఎండకు ఆ మిద్దె సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పాత పగుళ్లు రోజూ కదులుతుంటే ఆ పల్చటి పొర ఎన్నాళ్లు నిలుస్తుంది? చివరికి మందపాటి తారు షీటు తేల్చాను. గ్యాస్ మంటతో అడుగుభాగం కరిగించి, గచ్చుకు ఎక్కడా గాలి చొరకుండా అంటించడం. నల్లటిది ఎండను తాగేస్తుంది కాబట్టి పైన మళ్లీ తెల్ల పూత.

అంటే మిర్చి బస్తాలు, గోనెసంచులు నిండిన గోడౌన్ నెత్తి మీద గ్యాస్ సిలిండర్, మంట. ఆ పని జరిగినన్నాళ్లూ నా కళ్లు మంట మీదే. ఏ బండ సందులోంచి నిప్పు కిందికి జారుతుందోనని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడౌన్‌లోకి దిగి ముక్కుతో గాలి పీల్చి చూసేవాణ్ణి. మిర్చి ఘాటు తప్ప ఏం తెలిసేది కాదనుకోండి.

మంట పట్టేది మా ఉస్తాద్. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే పెద్దవాడు. తారు ఎప్పుడు మెరుస్తుందో, ఎప్పుడు మాడుతుందో ఆయన చేతికి తెలుసు. మాట తక్కువ, కోపం ఎక్కువ. నేను మాటిమాటికీ "మంట తగ్గించు ఉస్తాద్" అంటే, "నువ్వు నీడకు పోయి కూసో సాబ్, నీ భయానికి నా చెయ్యి వణుకుతుంది" అనేవాడు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పాతబస్తీలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక మిద్దె ఎక్కితే నాలుగిళ్ల వాకిళ్లు కనపడతాయి. అందుకని పరాయి మగవాడు మిద్దె ఎక్కేముందు "పర్దా!" అని గట్టిగా కేక వేయాలి. ఆ కేక వినగానే చుట్టుపక్కల ఇళ్లలో వాకిట్లో ఉన్న ఆడవాళ్లు లోపలికి వెళ్లిపోతారు. ఆ తర్వాతే మనం ఎక్కాలి. ఉస్తాద్ మెట్ల మీద సగంలో ఆగి, ఆ కేక వేసి, కాసేపు నిలబడి గాని పైకి అడుగు పెట్టేవాడు కాదు.

సేట్ మిద్దెకు తూర్పున గడ్డం దాకా వచ్చే గోడ ఉంది. దాని అవతల పక్కింటి మిద్దె. ఆ ఇంట్లో ఒకావిడ కుట్టు సెంటర్ నడుపుతుంది. అందరూ ఆపా అంటారు, అక్క అని. గల్లీలోని ఆడపిల్లలు, పెళ్లయినవాళ్లు పగలంతా అక్కడ మిషన్ల మీద కుడుతుంటారు. బట్టలు ఆరేసుకోవడానికి మిద్దె మీదికి వస్తుంటారు. మాటిమాటికీ కేకలు వేస్తే వాళ్ల పని చెడుతుందని, మొదటిరోజే ఉస్తాద్ ఆ గోడ పొడుగునా వెదురు కర్రలు పాతి టార్పాలిన్ కట్టించాడు. మనిషి ఎత్తుకు మించి.

"గిప్పుడు వాళ్లకు ఫికర్ లేదు, మనకు ఫికర్ లేదు" అన్నాడు.

మంచి పనే అనుకున్నాను. ఇప్పటికీ మంచి పనే అంటాను. మర్యాద తెలిసిన పని అది. ఆ మర్యాద వల్లనే పని మొదలుపెట్టిన నాటి నుంచి ముగిసేదాకా మాలో ఒక్కడు కూడా ఆ గోడ అవతలికి తొంగిచూడలేదు.

ఆ గోడ మొదట్లో ఒక బొక్క ఉంది. పిడికిలి పట్టేంత. అంచులు అరిగిపోయి, మట్టి, ఎండుటాకులు నిండి ఉన్నాయి. సేట్ దాన్ని చూపించి, "ఎలుకలు సార్, ఇట్లనే వస్తున్నయి లంగలు. బస్తాలన్నీ కొరుకుతున్నయి. బందు చెయ్యుండ్రి" అన్నాడు. ఉస్తాద్ వంగి చూశాడు, నేనూ చూశాను. గోడ మొదట్లో బొక్కలు పూడ్చకుండా షీటు వేసేది ఉండదు. రాళ్లు కుక్కి, సిమెంటు పెట్టి, మూల గుండ్రంగా తీర్చి, షీటును గోడ మీదికి మోకాలెత్తు దాకా మడిచి అంటించాం. తెల్ల పూత కూడా అయ్యాక ఆ మూల నున్నగా, ముచ్చటగా ఉంది.

తరువాత పరీక్ష. తూములకు గుడ్డలు కుక్కి, మిద్దె మీద నీళ్లు నిలబెట్టి, రెండు రోజులు కింద గోడౌన్ కప్పు చూడటం. ఎక్కడా చెమ్మ లేదు. సేట్ నాకు ఒక పొట్లం పసుపు ఇచ్చాడు. గుడ్డలు నా చేత్తో నేనే తీశాను, మరిచిపోతామేమోనన్న భయం కొద్దీ.

మళ్లీ అక్కడికి వెళ్లింది ఆఖరి తనిఖీకి. మధ్యాహ్నం దాటింది. ఎండ మండిపోతోంది. కట్టిన టార్పాలిన్ విప్పి తెచ్చుకోవాలని ఉస్తాద్ కూడా వచ్చాడు. మేం గోడౌన్ ముందు చాయ్ తాగుతుండగానే వెలుతురు మారింది. పురానాపూల్ వైపు నుంచి పచ్చగా, మురికిగా మబ్బు లేచింది. తరువాత గాలి. గల్లీలో ఎవరిదో రేకు ఎగిరి కరెంటు తీగల మీద పడింది. కరెంటు పోయింది. ఆ వెంటనే వాన. పడటం కాదు, కుమ్మరించడం.

సేట్ ఫోన్ లైటు వేసుకుని గోడౌన్ కప్పంతా చూసి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "సుక్క లేదు సార్! అల్లా కసమ్, ఒక్క సుక్క లేదు!" అన్నాడు. ఆయన నుదుట బొట్టు, నోట అల్లా. పాతబస్తీ అంటే అదే మరి.

నాకు సంతోషం కలగలేదు. షీటు అంచు గాలికి లేచిందేమో, తూముకు ఆకులు అడ్డం పడ్డాయేమో. చూడకుండా కూర్చోలేను. "పదా ఉస్తాద్" అన్నాను. ఆయన గొణుక్కుంటూనే వెంట వచ్చాడు.

పైకి వెళ్లి చూస్తే అంచులన్నీ గచ్చుకు పట్టుకునే ఉన్నాయి. తూములు గలగలా తాగుతున్నాయి. నీళ్లు పాదం మునిగేంత కూడా నిలవలేదు. తిరిగి దిగబోతూ తూర్పు గోడ వైపు చూశాను.

గోడలోంచి నీళ్లు కారుతున్నాయి. పైనుంచి జారుతున్న వాననీళ్లు కావు. మా షీటు అంచు ఆగిన చోటికి కాస్త పైన, ఇటుకల సందుల్లోంచి, సన్నగా, వరసగా చిమ్ముతున్నాయి. నా మొదటి భయం షీటు గురించే. నీళ్లు దాని వెనక్కి దిగుతాయి, ఊడిపోతుంది అనుకున్నాను. వంగి ఒక ధార మీద వేలు పెట్టాను. నీళ్లు వేలిని నెట్టాయి. బలంగా.

నీళ్లకు ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? వెనక నీళ్లుంటేనే వస్తుంది. గోడ అవతల, ఆ ఎత్తు దాకా నీళ్లుంటేనే.

టార్పాలిన్ ముడులు విప్పే ఓపిక లేక కర్రతో సహా లాగేశాను. అంత వానలోనూ ఉస్తాద్ నోరు అలవాటు తప్పలేదు. "పర్దా! పర్దా!" అని కేక వేశాడు. నేను గోడ పట్టుకుని పైకి లేచి చూశాను.

అవతల మిద్దె లేదు. చెరువు ఉంది. మూడు వైపులా పిట్టగోడ, ఇటు మా గోడ. మధ్యలో మోకాలు దాటే నీళ్లు. ఒక ప్లాస్టిక్ టబ్బు, ఎవరివో చెప్పులు, తెగిన దండెం మీది బట్టలు తేలుతున్నాయి. పక్కనున్న ఎత్తు మేడల మీది నీళ్లు కూడా అందులోకే దూకుతున్నాయి. తూము అన్నది ఎక్కడా లేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఒకప్పుడు ఈ రెండిళ్లూ ఒకటే. మిద్దె వాలు మొత్తం మా వైపుకే. ఎప్పుడో పంచుకున్నప్పుడు మధ్యలో గోడ కట్టి, అవతలి నీళ్లు ఇవతలికి రావడానికి మొదట్లో ఆ బొక్క వదిలారు. ఎలుకల బొక్క అని మేం సిమెంటు పెట్టి మూసింది దాన్నే.

మనిషి పడుకునేంత చోటులో మోకాలు మించి నీళ్లంటే అక్కడ ఐదారుగురు మనుషులు నిలబడ్డంత బరువు. అట్లా మిద్దె పొడుగునా. ఎప్పటి బండలో, ఎంత తుప్పు పట్టిన గర్డర్లో.

ఇంకొకటి కూడా చూశాను. ఆ మిద్దెకు అవతల వాకిలి ఉంది. వాకిలికి ఆ చివర రేకుల కింద ఆడవాళ్లు గుంపుగా నిలబడి వాన చూస్తున్నారు. కరెంటు పోయి మిషన్లు ఆగినట్టున్నాయి. ఉస్తాద్ కేక వినపడింది వాళ్లకు. గోడ మీద నా తల కనపడింది. దుపట్టాలు తల మీదికి లాక్కుని, తడుస్తూ వాకిలి దాటి పరుగెత్తారు. ఇటు వైపుకే. ఆ నీళ్ల కింద గదిలోకే.

"వద్దు! లోపలికి పోవద్దు! బయటికి రాండ్రి!" అని గొంతు చించుకున్నాను. ఉరిమింది. తలుపు మూసిన చప్పుడు మాత్రం వినపడింది.

చెప్పడానికి సిగ్గేం లేదు, ఆ గోడ పట్టుకుని వేలాడుతూ ఉండిపోయాను. ఉస్తాద్ నా చొక్కా పట్టి కిందికి లాగాడు. ఏమైందో రెండు ముక్కల్లో చెప్పాను.

"నేను కేకేస్తే లోపలికి పోయిండ్రా?" అన్నాడు.

"పోయిండ్రు ఉస్తాద్."

ఆయన మెట్ల వైపు పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ జారుడులో. ఆయన గోడౌన్ దాటి, గల్లీ తిరిగి పక్కింటి తలుపు దగ్గరికి పోవాలి. గల్లీలో అప్పటికే పిక్కల దాకా నీళ్లు.

నేను వెంట తెచ్చుకున్న పనిముట్ల సంచిలోంచి కత్తి, ఉలి, సుత్తి తీశాను. గోడ మొదట్లో కూర్చుని మా కొత్త షీటును కోశాను. సేట్ గొడుగు పట్టుకుని పైకి వచ్చి అది చూసి గుండెలు బాదుకున్నాడు.

"సార్! ఏంది సార్ గిది! పాగల్ అయినవా? కొత్త షీటు!"

"గోడ అవతల చూడు సేట్."

చూశాడు. గొడుగు చేతిలోంచి జారి గాలికి పోయింది. ఫోన్ తీశాడు. "ఆపా నంబర్ నా దగ్గర లేదు సార్. ఆడోళ్ల నంబర్ నేనెట్ల అడుగుత? వాళ్ల తమ్మునిది ఉంది" అని ఆ తమ్ముడికి చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఫోన్ జేబులో పడేసి కిందికి పోయి, బస్తాలు లేపే గడ్డపార తెచ్చాడు.

ఆ సిమెంటు మా సిమెంటే. మంచి పాళ్లలో కలిపిన సిమెంటు. దెబ్బకు గోరంత పెచ్చు లేస్తోంది. గట్టిగా కొడదామంటే భయం. దెబ్బ గోడకు తగులుతుంది, గోడ నుంచి ఆ మిద్దెకు పోతుంది. ఇప్పుడు ఆ గర్డర్లు ఏ దెబ్బకు లొంగుతాయో ఎవరికి తెలుసు? మెల్లగా కొడదామంటే వాన ఆగడం లేదు, నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. అవతల గదిలో వాళ్లు ఇంకా ఉన్నారా, బయటికి వచ్చారా తెలియదు. ప్రతి దెబ్బకూ ముందు చెవి పెట్టి వినేవాణ్ణి. వాన చప్పుడు తప్ప ఏం లేదు. ఏసయ్యా, వాళ్లను బయటికి తీసుకురా అని పైకే అంటున్నాను. పక్కన సేట్ తన దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలుస్తున్నాడు.

చివరికి సేట్ గడ్డపారతో పొడిచిన పోటుకు లోపలి రాయి కదిలింది. నీళ్లు దాన్ని మా వైపుకు తన్నేశాయి. ఆ వెంట ధార. నా ఛాతీకి తగిలి వెనక్కి పడేసింది. నల్లటి బురదనీళ్లు మా తెల్లటి మిద్దె మీదుగా తూముల వైపు దూకాయి. సేట్ పిచ్చివాడిలా నవ్వాడు.

అప్పుడు అవతల నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. బండ విరిగిన చప్పుడు. విరిగి, కింద ఇనుము మీద పడి, ఆ తర్వాత నీళ్లు దబ్బున దిగిన చప్పుడు.

సేట్ నవ్వు ఆగిపోయింది. నేను కేక వేశాను. ఎవరూ పలకలేదు. మళ్లీ వేశాను. ఏ అరుపూ లేదు, ఏడుపూ లేదు. ఆ నిశ్శబ్దమంత భయం నేను జన్మలో ఎరగను. అరిచినా బాగుండు, బతికున్నారని తెలిసేది.

మెట్లు ఎట్లా దిగానో, గల్లీ ఎట్లా తిరిగానో నాకు గుర్తులేదు. పక్కింటి తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపుకు వేలాడే పరదా తెగి గుమ్మం నీళ్లలో పడి ఉంది. లోపల గదిలో పైనుంచి వెలుతురు పడుతోంది. ఒక బండ విరిగి మూడు మిషన్ల మీద కూలింది. వాటి మీద ఏవో మెరుపుల పెళ్లిబట్టలు. పైనుంచి నీళ్లు ఇంకా పడుతున్నాయి. మనుషులు లేరు.

ఎదురింటి సజ్జ కింద ఉన్నారు. అందరూ గోడకు అంటుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆ తలుపు వైపే చూస్తున్నారు. నోటమాట రాకనే నా కేకలకు పలకలేదు. వాళ్లకు కాస్త దూరంలో, గల్లీ నడుమ, వానలో ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. వాళ్లకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని.

"ఉస్తాద్, అందరూ వచ్చిండ్రా?" అన్నాను.

"నాకు తెల్వది సాబ్. నేను కండ్లు మూసుకుని లోపలికి పోయిన. అరుచుకుంట పోయిన. ఎవరు వచ్చిండ్రో చూడలే. నువ్వు అడుగు, జల్దీ అడుగు" అన్నాడు.

పిలిచిన పిలుపుకు వాళ్లు రాలేదట. తలుపు బయట నిలబడి బతిమాలినకొద్దీ, ఎవరో మగవాడు వచ్చాడని ఇంకా లోపలికి జరిగారట. అప్పుడు పరదా తెంపేసి లోపలికి జొరబడ్డాడు. ఆ వీధిలో పుట్టి, ఆ వయసు వచ్చేదాకా ఒక పరాయి పరదా ముట్టుకోని మనిషి.

ఆపా ముందుకు వచ్చింది. యాభై దాటిన మనిషి, తడిసి ముద్దయింది. వెనక్కి తిరిగి ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసుకుంటూ పోయింది. చివరిదాకా పోయి, మళ్లీ మొదటి నుంచి వేసుకుంటూ వచ్చింది. తరువాత ఉర్దూలో, "అందరూ ఉన్నారు భాయ్" అంది. ఉస్తాద్ ఆ నీళ్లలోనే కూర్చుండిపోయాడు.

"మాఫ్ చెయ్యి ఆపా. లోపలికి వచ్చిన" అన్నాడు, గోడ వైపే మొహం పెట్టి.

"భాయ్, ఇటు తిరుగు."

"వద్దు ఆపా."

"మేమే తిరగమంటున్నాం. నీ కోసం దువా చేసేటప్పుడు నీ మొహం మాకు తెలియొద్దా?"

ఉస్తాద్ తిరిగాడు. కళ్లు మాత్రం తెరవలేదు. వాళ్లంతా ఆయన్ను చూశారు.

నేను కళ్లు దించుకోలేకపోయాను. దించుకోవాలని తెలుసు. అయినా ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయాను, ఈ చివర నుంచి ఆ చివరకు, అందరూ ఉన్నారని నా గుండె ఒప్పుకునేదాకా. ఎవరూ దుపట్టా మొహం మీదికి లాక్కోలేదు.